పాట మారదు, చుట్టూ ఉన్నది మారుతుంది: రష్యా ఒపెరాలో పల్లెబాణీలు

అనంతపురం పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్ళకు తెలిసిన సంగతే. పాట ఒక్కటే. గురువు ఎత్తుకున్న మాటనే వెనకవాళ్ళు అందుకుంటారు. మళ్ళీ అదే, మళ్ళీ అదే. అయినా చూసేవాళ్ళకు విసుగు పుట్టదు. అడుగు మారుతుంది, చెక్కల మోత మారుతుంది, కాలం పెరుగుతుంది. బాణీ మాత్రం కదలదు.

1848లో రష్యన్ స్వరకర్త మిఖాయిల్ గ్లింకా 'కమారిన్‌స్కయా' అనే ఆర్కెస్ట్రా రచనలో చేసింది ఈ పనే. ఒపెరా అంటే వాద్యబృందంతో, పాటగానే నడిచే నాటకం. రష్యా ఒపెరా మీద పల్లెపాట ప్రభావం అనగానే ఏ పాట ఏ ఒపెరాలో వినబడుతుందో జాబితా చెప్పడం మామూలు. ఆ జాబితా అవసరమే, కానీ అక్కడే ఆగిపోకూడదు. పాటను అరువు తెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు, బీథోవెన్ కూడా చేశాడు. తెచ్చుకున్నాక దాని నడుము విరగకుండా పెద్ద వాద్యబృందంలో ఎలా నిలబెట్టారన్నదే నేర్చుకోవలసిన విద్య. మన దగ్గర హార్మోనియం, కీబోర్డు, వయొలిన్ పెట్టుకుని కోలాటం పాటలకూ భజనలకూ వాద్యాలు కూర్చేవాళ్ళకు పనికొచ్చేదీ అదే. అందుకే ఈ పోస్టులో స్వరాల లెక్క, తాళాల లెక్క ఎక్కువగా ఉంటాయి.

'కమారిన్‌స్కయా'లో బాణీలు రెండే. ఒకటి 'కొండల వెనక నుంచి, ఎత్తైన కొండల వెనక నుంచి' అనే అర్థంతో మొదలయ్యే పెళ్ళిపాట. నెమ్మదిది, మూడు లెక్కల నడక. రెండోది కమారిన్‌స్కయా అనే నాట్యపు బాణీ. దీని పల్లవి మూడు బార్‌లే. బార్‌కు రెండు లెక్కల చొప్పున ఆరు లెక్కలకు ముగిసి మళ్ళీ మొదటికొస్తుంది. నాలుగుకో ఎనిమిదికో అలవాటుపడిన చెవికి ప్రతిసారీ కాస్త ముందే వచ్చి తలుపు తట్టినట్టు ఉంటుంది. ఈ చిన్న బాణీని గ్లింకా దాదాపు 75 సార్లు తిప్పాడు. మొదట వయొలిన్‌లు తోడు లేకుండా ఒంటరిగా వాయిస్తాయి. తరువాతి తిప్పుల్లో కింద ఇంకో బాణీ అల్లుకుంటుంది. ఒకచోట తీగవాద్యాలన్నీ కమాను పక్కన పెట్టి వేళ్ళతో మీటుతూ బాలలైకాలనే రష్యన్ మీటు వాద్యాలైపోతాయి. ఇంకోచోట క్లారినెట్, ఓబోలు బాణీని పట్టుకుంటాయి. ఈ పద్ధతిని సంగీతశాస్త్రంలో 'మారే నేపథ్యం' అంటారు. బొమ్మ అలాగే ఉండగా వెనక తెర మారడం.

జర్మన్ సింఫనీ పద్ధతి వేరు. అక్కడ బాణీని ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కను ఒక్కో శ్రుతికి తిప్పుతారు, చివర మొత్తాన్ని తెచ్చి అతుకుతారు. అందుకోసం పుట్టిన బాణీలకు అది నప్పుతుంది. పల్లెపాటకు నప్పదు. ఎందుకంటే పల్లెపాట తనంతట తానే పూర్తయిన వస్తువు. అందులోంచి మూడు స్వరాలు తుంచి పక్కన పెడితే ఆ మూడు స్వరాలకు ఊరూ పేరూ ఉండవు. గ్లింకా దీన్ని పసిగట్టాడు. అంతకంటే సూక్ష్మమైన పని మరొకటి చేశాడు. నాట్యబాణీ మీద అల్లిన స్వరాలను మెల్లమెల్లగా మలుస్తూ పోయి, పెళ్ళిపాటకూ నాట్యబాణీకీ పైనుంచి కిందికి దిగే ఒకే మెట్ల వరుస ఉందని వినిపించాడు. రెండు పాటలూ ఒక ఇంటివేనని మాటల్లేకుండా చెప్పడం ఇది. చైకోవ్‌స్కీ 1888 నాటి డైరీలో, ఓక్ చెట్టంతా దాని గింజలో ఉన్నట్టు రష్యన్ సింఫనీ సంప్రదాయమంతా 'కమారిన్‌స్కయా'లో ఉందని రాసుకున్నాడు. ఎనిమిది నిమిషాలు కూడా లేని రచన గురించి ఆ మాట.

ఒపెరాలోకి వద్దాం. గ్లింకా మొదటి ఒపెరా 'జార్ కోసం ప్రాణం' 1836లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడింది. కథానాయకుడు ఇవాన్ సుసానిన్ ఒక రైతు. అతను నోరు విప్పి పాడే మొదటి మాటకు బాణీ లూగా అనే ఊరి బండివాడి దగ్గర గ్లింకా విన్నది. రెండో ఒపెరా 'రుస్లాన్, ల్యుద్మీలా' 1842 నాటిది. అందులో ముసలి మాంత్రికుడు ఫిన్ తన కథ చెప్పుకునే బాణీ ఫిన్లండ్ బండివాడి దగ్గర విన్నది. రెండుచోట్లా బండివాళ్ళే. దూరాలు పోయేవాళ్ళ నోట పాట పొడవుగా సాగుతుంది కదా.

మొదటి ఒపెరాలో మూడో అంకం పెళ్ళికూతురి చెలికత్తెల పాట మనవాళ్ళు తప్పకుండా వినాలి. అది అయిదు లెక్కల్లో ఉంది. అప్పటి యూరప్ ఒపెరాలో అయిదు లెక్కలు చాలా అరుదు. గ్లింకా దాన్ని ఎక్కడినుంచో పట్టుకురాలేదు, రష్యన్ పెళ్ళిపాటల మాటల్లోనే అది ఉంది. పాట 'రజ్‌-గు-ల్యా-ల-స్య, రజ్‌-లి-వా-ల-స్య' అని మొదలవుతుంది. వసంతకాలపు నీళ్ళు పచ్చికబీళ్ళ మీద పొంగిపొర్లాయని భావం. మాటకు అయిదు అక్షరాలు, ఊనిక మూడో అక్షరం మీద. అక్షరానికి ఒక లెక్క. ఖండగతి తెలిసినవాళ్ళు తక-తకిట అని వేసుకుంటే 'తకిట' మొదలయ్యే చోటే ఆ ఊనిక పడుతుంది. చాలామంది పాశ్చాత్య శ్రోతలు తడబడే చోట మన చెయ్యి తప్పకుండా పోతుంది. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, దీన్ని మూడు-రెండుగా, తకిట-తకగా లెక్కపెట్టినప్పుడు. అప్పుడు ఊనిక ముక్క చివర పడి పాట కుంటుతుంది. విని చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

అయిదే కాదు, పదకొండూ ఉంది. రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఒపెరా 'మంచుపిల్ల' 1882లో ప్రదర్శనకు వచ్చింది. చివర సూర్యదేవుడు యరీలోను కొలుస్తూ జనమంతా పాడే పాట పదకొండు లెక్కలది. కోరస్‌వాళ్ళు దీన్ని పట్టుకోవడానికి 'రిమ్-స్కీ కోర్-స-కోవ్ సవ్-సెమ్ సు-మా స-ష్యోల్' అని, అంటే 'రిమ్‌స్కీ-కోర్సకోవ్‌కు పూర్తిగా మతి పోయింది' అని మనసులో అనుకుంటూ సాధన చేసేవారని రష్యన్ సంగీతలోకంలో తరతరాలుగా చెప్పుకుంటారు. లెక్కపెట్టి చూడండి, సరిగ్గా పదకొండు అక్షరాలు. అంకెలతో లెక్కించడం కంటే జతి కట్టుకుని నోటికి ఎక్కించుకోవడం మేలని మన మృదంగ విద్వాంసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక స్వరాల సంగతి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అన్నిటికంటే ఎక్కువగా చెడేదీ ఇక్కడే.

1790లో ల్వోవ్ అనే కవి, ప్రాచ్ అనే బొహీమియా సంగీతకారుడు కలిసి రష్యన్ జానపదాల సంకలనం ఒకటి తెచ్చారు. పాటలు బాగానే పోగుచేశారు. కానీ ప్రాచ్ వాటికింద ఆనాటి యూరప్ పద్ధతిలో పియానో కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, రాశాడు. యూరప్ మైనర్ పద్ధతిలో ముగింపు దగ్గర నిషాదాన్ని పైకి నెట్టి కాకలి నిషాదం చేస్తారు, అక్కడినుంచి షడ్జానికి దూకుతారు. మన మాటల్లో అది కీరవాణి. రష్యన్ పల్లెపాటలేమో ఎక్కువగా పైకి నెట్టని కైశికి నిషాదంతో నడుస్తాయి. కొన్ని నటభైరవి మెట్లలో, కొన్ని చతుశ్రుతి ధైవతంతో ఖరహరప్రియ మెట్లలో. నటభైరవి పాట కింద కీరవాణి కార్డు పెడితే ఏమవుతుంది? పై గొంతు కైశికి దగ్గర ఉంటుంది, కింద వాద్యం కాకలి మీద ఉంటుంది. రెండూ కొట్టుకుంటాయి. ఆ గొడవ తప్పించడానికి చివరికి పాటనే దిద్దుతారు. అక్కడ పాట చచ్చిపోతుంది.

దీన్ని సరిచేసినవాడు స్వరకర్త మీలీ బలాకిరెవ్. 1860లో వోల్గా నది వెంట తిరిగి పాటలు రాసుకున్నాడు, 1866లో 40 పాటల సంకలనం అచ్చువేశాడు. పడవలు లాగే కూలీల 'ఎయ్ ఊఖ్‌న్యెమ్' పాట అందరికీ తెలిసింది ఆ పుస్తకంతోనే. బలాకిరెవ్ చేసిన పని వినడానికి చిన్నది. పాటలో లేని స్వరాన్ని కార్డులోకి రానివ్వలేదు. ముగింపు దగ్గర ప-ని-రి కార్డులో కాకలి నిషాదం పెట్టి సకు దూకడం మానేశాడు. దానికి బదులు మ-ధ-స కార్డు నుంచి సకు దిగడం, లేదా కైశికి నిషాదం మీద నిలిచే ని-రి-మ కార్డు నుంచి సకు చేరడం. హార్మోనియం మీద మూడూ వరసగా వాయించి చూడండి. మొదటిది చర్చి పాటలాగా, పాత సినిమా పాటలాగా వినబడుతుంది. తక్కిన రెండూ బయలు గాలిలాగా ఉంటాయి. ఆ తరువాత వచ్చిన ముసోర్గ్‌స్కీ, బొరొదిన్, రిమ్‌స్కీ-కోర్సకోవ్‌ల ఒపెరాల్లో 'రష్యన్ వాసన' అని అందరూ అనే దాంట్లో సగం ఈ ఒక్క నియమంలోంచి వచ్చిందే.

ఇంకో లక్షణం కూడా పట్టుకోవాలి. కొన్ని రష్యన్ పాటలు ఒక స్వరాన్ని ఆధారంగా చేసుకుని మొదలై ఇంకో స్వరం మీద ఆగుతాయి. స్వరాలు అవే, ఇల్లు మారుతుంది. మనకు గ్రహభేదం తెలుసు కాబట్టి దీన్ని సులువుగా చెప్పుకోవచ్చు. మోహన స్వరాల్లో పాడుతూ పాడుతూ ధైవతం మీద కూర్చుంటే అదే శుద్ధధన్యాసి అవుతుంది. రష్యన్ పాటలో ఈ రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు ఒకే చరణంలో జరుగుతాయి. ఏది సొంత ఇల్లో పాట చెప్పదు. వాద్యం రాసేవాడు తొందరపడి ఒకదాన్ని ఖాయం చేయకూడదు.

బీథోవెన్ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. ల్వోవ్-ప్రాచ్ సంకలనంలో 'స్లావా', అంటే 'జయము', అనే పాట ఉంది. బీథోవెన్ 1806లో రాసిన 59వ ఓపస్ రెండో క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాల రచన) మూడో భాగంలో దాన్ని వాడుకున్నాడు. ఒక వాద్యం తరువాత ఒకటి దాన్ని అందుకుని ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. తెలివైన పనే, సందేహం లేదు. కానీ పాట అక్కడ పరుగుపందెంలో ఉన్నట్టుంటుంది. అదే పాట ముసోర్గ్‌స్కీ 'బొరిస్ గొదునోవ్' ఒపెరాలో, బొరిస్ రాజయ్యే పట్టాభిషేకంలో వస్తుంది. అక్కడ జనం దాన్ని నిలబడి పాడతారు. చుట్టూ వాద్యం పెరుగుతుంది, పాట మాత్రం పాటగానే ఉంటుంది.

ఆ పట్టాభిషేక దృశ్యం మొదట్లో వినబడే గంటల గురించి నాలుగు మాటలు. రష్యన్ చర్చిగంట ఊగదు. గంటను కదలకుండా కట్టి లోపలి నాలుకను తాడుతో లాగి కొడతారు. ముందు పెద్ద గంట నెమ్మదిగా, ఆ మధ్య ఖాళీల్లో చిన్న గంటలు చేరుతూ చేరుతూ మోత చిక్కబడుతుంది. ముసోర్గ్‌స్కీ దీన్ని రెండే రెండు కార్డులతో కట్టాడు. సి స్వరాన్ని మన సగా అనుకుంటే, మొదటి కార్డు శుద్ధ ధైవతం మీద కట్టినది. అందులో ధ, స, సాధారణ గాంధారం, ప్రతిమధ్యమం. రెండోది చతుశ్రుతి రిషభం మీద కట్టినది. అందులో రి, ప్రతిమధ్యమం, చతుశ్రుతి ధైవతం, స. అంటే సా, ప్రతిమధ్యమమూ రెండింట్లోనూ కదలకుండా ఉంటాయి, తక్కిన రెండు స్వరాలు మాత్రమే అటూ ఇటూ ఊగుతాయి. నిజమైన కంచు గంటలో ఏ స్వరమో తేల్చుకోలేని పై ధ్వనులు కలగలిసి మోగుతాయి కదా, ఆ తేలకపోవడమే ఈ రెండు కార్డుల మధ్య వినబడుతుంది. అడుగున మంద్ర స కదలకుండా ఉంటుంది. గుళ్ళో గంట మోగుతుండగా పక్కన నిలబడి చెవి పెట్టినవాళ్ళకు ఇది కొత్త శబ్దంగా అనిపించదు.

'బొరిస్'లో అరువు బాణీలు తక్కువే. అవి ఎక్కడున్నాయో చెబుతాను. సత్రంలో వర్లామ్ పాడే కజాన్ పట్టణపు పాటకు మాటలు జానపదం. చివరి క్రోమీ అడవి దృశ్యంలో వర్లామ్, మిసయీల్ అనే ఇద్దరు సన్యాసులు పాడేది, త్రోఫిమ్ ర్యాబినిన్ అనే ఉత్తరాది వీరగాథల గాయకుడి నోట ముసోర్గ్‌స్కీ విని రాసుకున్న బాణీ. ఆ వీరగాథలను 'బిలీనా' అంటారు. ఒకే చిన్న బాణీ మీద వందల పాదాలు చెప్పుకుపోవడం వాటి తీరు. మన బుర్రకథలో కథకుడు వచనంలోకి దిగే ముందు లాగే నడక, వంతలు లేని ఒంటి నడక అనుకోండి. అరువు తెచ్చుకోని చోట్ల కూడా ముసోర్గ్‌స్కీ పల్లె గొంతును మాట నడకలోంచే పుట్టించాడు. మొదటి దృశ్యంలో పోలీసు అధికారి బెత్తం ఆడిస్తుంటే జనం 'మమ్మల్ని ఎవరికి వదిలిపోతున్నావయ్యా' అని బొరిస్‌ను వేడుకుంటారు. అది చావింట్లో ఆడవాళ్ళు రాగాలు తీసి ఏడ్చే బాణీ. పైనుంచి కిందికి జారే స్వరాలు, ఊపిరి అందక మధ్యలో తెగే పాదాలు. బలవంతపు ఏడుపుకు నిజమైన ఏడుపు బాణీ పెట్టడంలో ఎంత బాధ ఉందో విన్నకొద్దీ తెలుస్తుంది.

వినేటప్పుడు ఏ కూర్పు వింటున్నారో చూసుకోండి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. 1869 కూర్పులో ఏడు దృశ్యాలు, బొరిస్ చావుతో ముగుస్తుంది. 1872 కూర్పులో పోలండ్ అంకం చేరింది, సెయింట్ బసిల్ చర్చి ముందు దృశ్యం పోయింది, చివర క్రోమీ అడవి వచ్చింది. 1874లో ఆడింది ఈ రెండో దారిలోనే. పిచ్చివాడి దగ్గర పిల్లలు కాసు లాక్కునే ఘట్టాన్ని ముసోర్గ్‌స్కీ మొదటి దాంట్లోంచి తీసి రెండో దాంట్లో పెట్టాడు. రెండు కూర్పులనూ కలిపి ఆడితే ఆ ఘట్టం రెండుసార్లు వస్తుంది, పొరపాటు మీ చెవిది కాదు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1896లో, మళ్ళీ 1908లో మొత్తం వాద్యరచనను తిరగరాశాడు. మెరుగు పెట్టాడు, నునుపు చేశాడు. స్నేహితుడి పనిని ప్రపంచం ముందు పెట్టాలన్న తపనతోనే చేశాడు, అందుకు ఆయనకు రుణపడి ఉండాలి. అయినా పల్లె గరుకు వినాలంటే ముసోర్గ్‌స్కీ సొంత వాద్యరచనే వినండి.

అలాగని రిమ్‌స్కీ-కోర్సకోవ్‌కు పల్లె తెలియదని కాదు. ఆయన 100 పాటల సంకలనం 1877లో వచ్చింది. అందులో కొన్ని తల్లి, పినతండ్రి పాడగా విన్నవి. ఆయన అసలు ఘనత పల్లె వాద్యాలను పట్టణపు ఆర్కెస్ట్రాలో వినిపించడంలో ఉంది. ఒళ్ళో పెట్టుకుని మీటే 'గూస్లి' అనే తీగవాద్యం తీసుకోండి. హార్ప్ ఒక్కటే పెడితే మరీ మెత్తగా ఉంటుంది. పియానో ఒక్కటే అయితే సుత్తి దెబ్బ వినబడుతుంది. రెండూ కలిపి ఒకే స్వరాలు వాయిస్తే పియానో మీటు ఇస్తుంది, హార్ప్ మోగు ఇస్తుంది. గ్లింకా 'రుస్లాన్'లో బయాన్ అనే గాయకుడికి ఈ జతే పెట్టాడు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1898లో వచ్చిన 'సద్కో'లో దాన్ని పెద్దది చేశాడు. 'మంచుపిల్ల'లో పశువుల కాపరి లేల్ పాటల్లో క్లారినెట్, కాపరి ఊదే కొమ్ము అవుతుంది. మూడో పాట మొదట్లో ఆ క్లారినెట్ ఒంటరిగా పలికే తీరు విని తీరాలి. 'కీతెజ్ నగరం' ఒపెరాలోనైతే అనుకరణ చాలనుకోలేదు, డోమ్రాలనే పల్లె తీగవాద్యాలు, బాలలైకాలు నిజమైనవే తెచ్చి పెట్టాడు.

ఇన్ని చేసినా వాళ్ళు చాలాకాలం వినలేకపోయినది ఒకటుంది. పల్లెలో పాట ఒక్క గొంతుతో ఉండదు. ముందాయన ఎత్తుకుంటాడు, తక్కినవాళ్ళు అందుకుంటారు. కానీ అందరూ అదే స్వరం పాడరు. ఒకరు కాస్త పైన, ఒకరు కాస్త కింద, ఎవరి తోవ వారిది. అయినా పాదం చివర అందరూ ఒక్క స్వరం మీద కలుస్తారు. ఆ పక్క గొంతులను రష్యన్‌లో 'పదగలోస్కి' అంటారు. పాట రాసుకునేవాళ్ళు ఒక్కరిని కూర్చోబెట్టి పాడించుకునేవారు కాబట్టి కాగితం మీద ఒక్క గొంతే మిగిలేది. మెల్గునోవ్ 1879లో అచ్చువేసిన సంకలనం పక్క గొంతులను పట్టించుకుంది. 1897 నుంచి యెవ్గేనియా లిన్యోవా ఫొనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలకు వెళ్ళాక అసలు అల్లిక అంతా బయటపడింది. ఒపెరాలో దీనికి అందమైన రూపం బొరొదిన్ 'ప్రిన్స్ ఇగోర్' నాలుగో అంకంలో పల్లెవాళ్ళ కోరస్. వాద్యాల తోడు లేకుండా ఒక గొంతు మొదలుపెడుతుంది, ఇంకోటి చేరుతుంది, విడిపోతాయి, చివర మళ్ళీ ఒక్కటవుతాయి. బొరొదిన్ 1887లోనే పోయాడు, ఒపెరా 1890లో వచ్చింది. అంటే లిన్యోవా యంత్రం కంటే ముందే చెవితో పట్టుకున్నాడన్నమాట. చైకోవ్‌స్కీ 'యెవ్గేనీ ఒనేగిన్' మొదటి అంకంలో కూడా కోతల నుంచి వచ్చే కూలీల పాటను తెర వెనక నుంచి ఒక్క గొంతు ఎత్తుకుంటుంది, తరువాత కోరస్ అందుకుంటుంది.

చైకోవ్‌స్కీ పేరు వచ్చింది కాబట్టి ఆయన నాలుగో సింఫనీ చివరి భాగం. 'పొలంలో బర్చ్ చెట్టు నిలిచింది' అనే పాట అందులో ఉంది. మైనర్ మెట్లలో దాని మొదటి పాదం ఇది: ప ప ప ప, మ- గ గ, రి- స-. ఆరు లెక్కలు. కమారిన్‌స్కయాలాగే మూడు బార్‌లు. చైకోవ్‌స్కీ దాన్ని నాలుగు లెక్కల బార్‌లో పెట్టాడు, మిగిలిన రెండు లెక్కలను వాద్యపు విసురుతో పూరించి ఎనిమిది చేశాడు. వేడుక ఊపు కోసం అది పనిచేసింది. కానీ పాట పాదం చివర ఊపిరి తీసుకోకుండా మళ్ళీ అందుకునే ఆ తొందర పోయింది. బలాకిరెవ్ అదే పాటను 1858లో మూడు రష్యన్ పాటల మీద రాసిన ఓవర్చర్‌లో వాడాడు, మూడు బార్‌లను మూడుగానే ఉంచాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని చేత్తో తాళం వేస్తూ వినండి. చైకోవ్‌స్కీకి పల్లెపాట చేతకాదని అనడం లేదు. రెండో సింఫనీ చివర 'కొంగ' అనే ఉక్రెయిన్ పాటను మారే నేపథ్యం పద్ధతిలో ఆయన తిప్పిన తీరు గ్లింకాకు దీటుగా ఉంటుంది.

స్త్రవిన్‌స్కీ ఒపెరా కంటే బాలేలో ఈ దారిని చివరిదాకా తీసుకెళ్ళాడు. 1911 నాటి 'పెత్రూష్కా' సంతలో ఆడే బొమ్మ కథ. మన ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కేతిగాడిలాంటి అల్లరివాడు పెత్రూష్కా. సంతలో నాలుగు వైపుల నుంచి నాలుగు పాటలు ఒకేసారి వినబడటం అందులో ఉంది.

ఇప్పుడు దీన్ని మన పాటకు ఎలా పెట్టుకోవాలో చెబుతాను. రెండు శ్రుతిలో, నటభైరవి మెట్లలో నడిచే ఒక కోలాటం పాట ఉందనుకుందాం. వాద్యాలు హార్మోనియం, రెండు మూడు వయొలిన్‌లు, వేణువు, ఒక చెల్లో లేదా కీబోర్డు మీద చెల్లో శబ్దం, ఆఖర్న డప్పు. పాటను ఎనిమిది తిప్పులు తిప్పండి. తిప్పుకు ఒక్క మార్పే. మొదటిది గొంతు ఒక్కటే, శ్రుతి కూడా వద్దు. రెండోదానికి కింద స మాత్రం. మూడోదానికి వయొలిన్‌లు కమాను లేకుండా మీటాలి. నాలుగోదాంట్లో వేణువు, అదీ పాట స్వరం నిలిచే చోటే పలకాలి, పాట కదిలేచోట ఊరుకోవాలి. అయిదోదాంట్లో పాటను చెల్లోకు ఇచ్చి గొంతులు ఆగాలి. ఆరోదాంట్లో మళ్ళీ గొంతు, కింద చెల్లో స-ని-ధ-ప అని మెట్టు మెట్టుగా దిగాలి. నిషాదం కైశికిదే. ఇక్కడే కార్డులు మొదటిసారి రావాలి, అంతకుముందు వద్దు. ఏడోదానికి అందరూ, డప్పుతో సహా. ఎనిమిదోది గొంతు, స, అంతే.

ఏవి చెడతాయో కూడా చెబుతాను. కీబోర్డులో ఆటోమేటిక్ స్టయిల్ పెట్టుకుంటే రెండు నష్టాలు. మైనర్ పాట అనగానే చాలామంది వేళ్ళు అలవాటుకొద్దీ ముగింపులో కాకలి నిషాదపు కార్డు మీదికి పోతాయి. ఆరు లెక్కల పాదాన్ని ఆ స్టయిల్ ఎనిమిదికి లాగేస్తుంది, పాడేవాళ్ళు తమకు తెలియకుండానే రెండు లెక్కలు ఆగుతారు. స్టయిల్ ఆపేసి చేత్తో వాయించండి. మధ్యలో శ్రుతి మార్చకండి. గురువు గొంతుకు అందదు, చెక్కభజనవాళ్ళు తడబడతారు. మీటిన వయొలిన్ బయట మైదానంలో వినబడదు, దానికి పికప్ గానీ దగ్గర మైకు గానీ ఉండాలి. డప్పు సెగ చూపించి బిగించాక ఒక్కటే అందరినీ మింగేస్తుంది, మైకుల వరసకు బాగా వెనక నిలబెట్టండి. అనంతపురం ఉరుము అనే వాద్యం గుర్రుమనే శబ్దం కావాలంటే చెల్లో మీద మంద్రస్థాయిలో కమానును వణికిస్తూ వేలిని అర స్వరం మేర జార్చండి, కాస్త దగ్గరికొస్తుంది. అసలు ఉరుము దొరికితే రిమ్‌స్కీ-కోర్సకోవ్ బాలలైకాలు తెచ్చినట్టు దాన్నే తెచ్చుకోండి.

పక్క గొంతులు రాయకండి. కోరస్‌ను మూడు స్వరాల దూరంలో సమాంతరంగా నడిపితే సినిమా కోరస్ అయిపోతుంది. నలుగురు పల్లె గాయకులను పాట తెలిసినవాళ్ళను నిలబెట్టి నాలుగైదుసార్లు కలిసి పాడించి, నాలుగు ఫోన్లు నలుగురి దగ్గరగా పెట్టి రికార్డు చేయండి. లిన్యోవా పని మీ జేబులోని యంత్రంతో అయిపోతుంది. ఎవరు ఎక్కడ విడిపోయారో, ఎక్కడ కలిశారో విడివిడిగా విని అదే ఉంచండి. పాదం చివర వాళ్ళు స మీద కలుస్తారు. హార్మోనియం వాయించేవారు ఆ చోట గాంధారం, పంచమం చేర్చి కార్డు నిండుగా చేయాలని చూస్తారు, అలవాటు. ఆ రెండు వేళ్ళూ ఎత్తేయమనండి.